పాపం చలిది కాదు

కార్తీకం సగానికి రాగానే మా శంషాబాద్ వైపు మిద్దెతోటల వాళ్ల ఫోన్లలో ఒకే ఉపదేశం తిరగడం మొదలవుతుంది. చలికాలం మొక్కలకు విశ్రాంతి కాలమట. నీళ్లు సగానికి సగం తగ్గించాలట. ఎరువు ముట్టకూడదట. కొత్త విత్తనం పెట్టకూడదట. రాత్రిళ్లు కుండీలకు ప్లాస్టిక్ కవరు తొడగాలట. శివరాత్రి దాటాక మళ్లీ పని మొదలుపెట్టుకోవచ్చట. చెప్పేవాళ్లు ప్రేమగానే చెబుతారు. పది మంది అదే మాట చెబుతారు కాబట్టి వినేవాళ్లకు అనుమానమూ రాదు. డిసెంబరులో ఏ కాలనీ మిద్దె ఎక్కినా ఈ ఉపదేశం పాటించిన ఆనవాళ్లు కనబడతాయి. గోడ మూలకు నెట్టేసిన గ్రో బ్యాగులు, కవర్ల కింద చెమట పట్టిన కుండీలు, అంచులు మాడిన ఆకులు. ఇంటావిడ వాటిని చూపించి, ఏం చేస్తాం, చలి అలా ఉంది అని నిట్టూరుస్తుంది.

ఈ మాట తప్పు. అక్కడక్కడ తప్పడం కాదు, మొత్తంగా తలకిందులు. ఈ పీఠభూమి మీద ఇంటి కూరగాయలకూ పూలకూ చలికాలమే అసలైన పంట కాలం. డిసెంబరులో మన మొక్కలు కొన్ని చచ్చిపోతున్న మాట నిజమే. కానీ వాటిని చంపుతున్నవి నీడ, పొడిగాలి. ఆ రెండింటినీ చలి అనుకుని మనం చేసే వైద్యం కూడా.

నమ్మకం కుదరనివాళ్లు జనవరిలో ఒక పొద్దున సంచీ పట్టుకుని శంషాబాద్ కూరగాయల బండ్ల దగ్గరికో మెహిదీపట్నం రైతుబజారుకో వెళ్తే చాలు. చేవెళ్ల, షాబాద్, మొయినాబాద్ వైపు నుంచి వచ్చిన పాలకూర, మెంతికూర, కొత్తిమీర, క్యారెట్, కాలీఫ్లవర్ కుప్పలుగా పోసి ఉంటాయి. కొత్తిమీర కట్టను కొసరుగా ఇచ్చేది ఆ రోజుల్లోనే. అదే కట్టకు మే నెలలో బేరమాడాలంటే నోరు రాదు. చలికాలం మొక్కలకు నిద్రకాలమే అయితే సంవత్సరం మొత్తంలో ఆకుకూర ఇంత చవకగా దొరికేది ఆ కాలంలోనే ఎందుకు? ఊరి అవతల చెల్కలో యాసంగి పంట నిలబెట్టిన చలి, మన మిద్దె మీదికి రాగానే హంతకురాలు అయిపోతుందా?

విమానాశ్రయం రాకముందు ఈ చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ద్రాక్ష పందిళ్లు గుర్తుండే ఉంటాయి. శంషాబాద్, మహేశ్వరం, రాజేంద్రనగర్ వైపు అనాబ్-ఎ-షాహీ తోటలు హైదరాబాద్‌కు పేరు తెచ్చిపెట్టిన రోజులవి. అక్టోబరులో కొమ్మ కత్తిరిస్తే చలికాలమంతా కాయ ఊరి, ఎండలు ముదరకముందే గుత్తి కోతకు వచ్చేది. 2008 మార్చిలో ఇక్కడ విమానాలు దిగడం మొదలయ్యే నాటికే ఆ పందిళ్లు చాలా వరకు ప్లాట్లుగా మారిపోయాయి. తోటలు పోయినట్టే, ఈ నేలకు ఏ కాలం ఏమిస్తుందో తెలిసిన వాళ్లూ ఆ ప్లాట్ల మధ్య నుంచి చెదిరిపోయారు. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నది ఢిల్లీ, లక్నో తోటల తెలివి. ఇంకా దూరం పోతే ఇంగ్లండు, అమెరికా తోటల తెలివి. అక్కడ ఆ తెలివి తప్పు కాదు. ఢిల్లీలో జనవరి మధ్యాహ్నం కూడా ఇరవై డిగ్రీలు దాటని రోజులుంటాయి, రోజుల తరబడి పొగమంచు సూర్యుణ్ణి కనబడనివ్వదు. ఇంగ్లండులో నేలే గడ్డకడుతుంది. అక్కడి తోటమాలి విశ్రాంతి అంటాడంటే అతనికి వేరే దారి లేక. ఇక్కడ జనవరిలో హైదరాబాద్ సగటు పగటి ఉష్ణోగ్రత 29 దరిదాపు, రాత్రిది 15 దరిదాపు. క్యారెట్‌నో క్యాబేజీనో నీకెలాంటి వాతావరణం కావాలని అడగగలిగితే అవి చెప్పే జవాబుకు ఇది మరీ దూరం కాదు.

దీనికి వెంటనే వచ్చే ఎదురు వాదం ఒకటుంది, దాన్ని దాటవేయను. 'ఆ లెక్కలు బేగంపేటవి. శంషాబాద్ చలి వేరు' అంటారు. వేరే, ఒప్పుకోవాల్సిందే. బేగంపేటలో 14 అని పేపర్లో వచ్చిన రోజున ఇక్కడి పొలాల వైపు 10, 11 ఉండటం మామూలు. చలిగాలులు బలంగా వీచిన డిసెంబరుల్లో రంగారెడ్డి జిల్లా మండలాల్లో ఒక అంకె ఉష్ణోగ్రతలు నమోదవుతూనే ఉంటాయి. దీనికి కొందరు ఎత్తు కారణమంటారు. బేగంపేట పాత విమానాశ్రయం సముద్ర మట్టానికి 531 మీటర్ల ఎత్తున ఉంటే శంషాబాద్‌ది 617 మీటర్లు. కానీ ఆ 86 మీటర్ల తేడా తెచ్చేది మహా అయితే అర డిగ్రీ. మిగతాదంతా ఖాళీ నేల మహిమ. నగరంలో సిమెంటు, తారు పగలంతా మింగిన వేడిని రాత్రంతా కక్కుతుంటాయి. ఇక్కడ ఐదున్నర వేల ఎకరాల విమానాశ్రయం ఆవరణ ఒకటి, దాని చుట్టూ ఇంకా మిగిలిన చెల్కలు. హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్‌ జలాశయాల కోసం 1996లో వచ్చిన 111 జీవో వల్ల ఎన్నో ఏళ్లు గుంపుగా ఇళ్లు లేవని ఊళ్లు మరికొన్ని. మబ్బు లేని రాత్రి ఈ నేల తన వేడినంతా నేరుగా ఆకాశానికి వదిలేస్తుంది. అందుకే తెల్లవారుజామున ఐదింటికి ఎయిర్‌పోర్టు డ్యూటీకి బండి మీద పోయేవాళ్లు ఆరాంఘర్ దాటగానే మఫ్లర్ బిగించుకుంటారు.

అయినా ఎంత చలి? హైదరాబాద్ వాతావరణ రికార్డుల్లో అతి తక్కువగా చెప్పే ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8 నాటి మాట. మొక్క కణాల్లో నీరు గడ్డకట్టి ఆకు నల్లబడాలంటే సున్నాకు దిగాలి. మన రికార్డు చలి కూడా ఆ గీతకు ఆరు డిగ్రీల దూరంలోనే ఆగిపోయింది. దాదాపు ఆ గీత దాకా దిగే లంబసింగిలో జనం చలి చూడ్డానికి కార్లు కట్టుకుని పోతారు. అక్కడి రైతులు అదే చలిని వాడుకుని స్ట్రాబెర్రీ పండిస్తున్నారు.

అసలు చిక్కెక్కడుందంటే, మనం మన ఒంటితో మొక్క చలిని కొలుస్తాం. మన ఒళ్లు 37 డిగ్రీల దగ్గర కాగుతూ ఉంటుంది. చలిగాలి తగిలితే ఆ వేడి ఎగిరిపోతుంది కాబట్టి 12 డిగ్రీలు కూడా అంతకన్నా చల్లగా అనిపిస్తుంది. మొక్కకు అలా కాపాడుకోవలసిన ఒంటి వేడి లేదు. గాలి 12 డిగ్రీలుంటే, అది ఎంత జోరుగా వీచినా దాని జోరు వల్ల ఆకు అంతకన్నా చల్లబడదు. ఆకు గాలికంటే చల్లబడేది ఎక్కువగా గాలి కదలని, మబ్బులేని రాత్రి, ఆకాశం కింద బట్టబయలుగా ఉన్నప్పుడు. అప్పుడు కూడా ఒక సజ్జా కిందికో గోడ పక్కకో జరిపితే చాలు. చలిగాలి మొక్కకు చేసే హాని చల్లదనంతో కాదు, పొడితనంతో. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు నీడ మాట.

మా అపార్ట్‌మెంటులో రెండో అంతస్తులో ఒక అక్క ఉంది. ఉత్తరం వైపు బాల్కనీ. జూన్‌లో ఆ బాల్కనీ చూస్తే కళ్లు చెదిరేవి. టమాటా, మిరప, గులాబీ అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగాయి. దీపావళి వెళ్లేసరికి ఆకులు పాలిపోయాయి, కొమ్మలు సన్నగా సాగాయి, మొగ్గలు రాలాయి. 'చలికి సచ్చిపోతున్నయ్ అన్నా, కవర్లు తెచ్చిన, కప్పుతున్న' అంది. 'అక్కా, అదే మిరప, అదే గులాబీ మన మిద్దె మీద ఎట్లున్నయో చూసినవా? రాత్రి చలి ఎక్కువుండేది మిద్దె మీదనా, నీ బాల్కనీలనా?' అన్నాను. ఆమె ఆలోచించి, మిద్దె మీదనే అంది. ఆ ప్రశ్నకు వేరే జవాబు లేదు. పైన స్లాబు, మూడు వైపుల గోడలు ఉన్న బాల్కనీ రాత్రిపూట మిద్దె కంటే వెచ్చగానే ఉంటుంది. చలే హంతకురాలు అయితే ముందు మిద్దె మీది మొక్కలు పోవాలి. అవి నవనవలాడుతుంటే బాల్కనీవి పోతున్నాయంటే నేరం ఇంకెవరిదో.

ఆ నేరం సూర్యుడి దారిది. శంషాబాద్ ఉన్నది 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక కొద్ది దూరంలో. మే 9 దరిదాపుల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడే పడదు. అక్కణ్ణుంచి ఆగస్టు 3 దరిదాపుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం పక్కనే ఉంటాడు. ఉత్తరపు బాల్కనీకి ఎండ వచ్చే కాలం అదే. తర్వాత సూర్యుడు దక్షిణానికి జరుగుతూ పోయి డిసెంబరు 22 నాటికి మధ్యాహ్నం పూట కూడా 49 డిగ్రీల ఎత్తు మించి ఎక్కడు. అప్పుడు ఉత్తరపు బాల్కనీకి రోజంతా ఒక్క కిరణం నేరుగా తగలదు. మొక్కకు అన్నం అందడం లేదు, మనం దానికి దుప్పటి కప్పుతున్నాం.

మిద్దె మీద కూడా ఇదే కథ, కాకపోతే మరింత గుట్టుగా. దక్షిణం వైపు పిట్టగోడ మూడున్నర అడుగులుంటే డిసెంబరులో మధ్యాహ్నం పన్నెండింటికే దాని నీడ మూడడుగులు లోపలికి పడుతుంది. పొద్దునా సాయంత్రం ఇంకా ఎక్కువ. ఆ గోడ పాదాన వరసగా పెట్టిన కుండీలు, మే నెలలో ఎండకు మాడాయని మనమే అక్కడికి జరిపిన కుండీలు, డిసెంబరు నెలంతా నీడలో కూర్చుంటాయి. వాటిని తెచ్చి ఉత్తరం పిట్టగోడ వెంట, దక్షిణానికి ముఖం పెట్టి అమరిస్తే పగలంతా ఎండ దొరుకుతుంది. పైగా ఆ గోడ పగలు తాగిన వేడిని రాత్రి కొంతసేపు వాటికే ఇస్తుంది. జరిపే ఓపిక లేకపోతే రెండు వరసల ఇటుకలు పేర్చి కుండీని ఎత్తినా కొంత మేలు. పక్కింటివాళ్లు ఒక అంతస్తు లేపితే పది అడుగుల గోడకు ఎనిమిదిన్నర అడుగుల నీడ అదనంగా వస్తుందని లెక్క వేసుకోవచ్చు. ఈ విషయంలో మనం నగరం కంటే అదృష్టవంతులం. విమానాలు దిగే దారి కింద ఆకాశహర్మ్యాలకు అనుమతి దొరకడం కష్టం. చెవులు బద్దలయ్యే చప్పుడు భరిస్తున్నందుకు మనకు దక్కిన ప్రతిఫలం ఈ ఎండే. దాన్ని కూడా పిట్టగోడ నీడలో పోగొట్టుకుంటే ఎలా?

ఇక ప్లాస్టిక్ కవరు. ఇది ఉపదేశం కాదు, అపకారం. పల్చటి పాలిథిన్ గాలిని ఆపుతుంది కానీ రాత్రి మట్టి, ఆకులు ఆకాశానికి వదిలే వేడిని ఆపదు. ఆ వేడి దానిలోంచి దూసుకుపోతుంది. బయట గాలి ఆడుతుంటే ఆకు కొంతైనా ఆ గాలి వెచ్చదనం తీసుకుంటుంది. కవరు లోపల ఆ గాలీ బంద్. అందుకే నిర్మలమైన రాత్రుల్లో పాలిథిన్ లోపల బయటికంటే ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉండటం కూడా జరుగుతుంది. వెచ్చదనం కోసం తొడిగిన కవరు మొక్కను ఇంకా చల్లబరిచే పరిస్థితి అన్నమాట. పొద్దున్నే డ్యూటీ తొందరలో కవరు తీయడం మరిచిపోతే అసలు ముప్పు అప్పుడు. బయట 28 డిగ్రీలున్న మధ్యాహ్నం మూసిన కవరులో నలభై దాటుతుంది. రాత్రి కవరు లోపలి వైపు పట్టిన నీటి చుక్కలు ఆకుల మీద కారి, ఆ వేడికి ఉడికి, సాయంత్రానికి మళ్లీ చల్లబడి, రెండు మూడు రోజుల్లో కాండం మొదట్లో గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది. దాన్ని వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, వాసన వస్తుంది. అది కుళ్లు తెగులు. మొక్క యజమాని మాత్రం చలి దెబ్బ అనే రాసుకుంటాడు.

నిజంగా కప్పాల్సిన రాత్రులు ఏడాదికి కొన్ని ఉంటాయి. బొప్పాయి నారు, అప్పుడే నాటిన అరటి పిలక, ఇంట్లోంచి బయటికి వచ్చిన మనీప్లాంటు లాంటివి పది డిగ్రీల లోపు రాత్రుల్లో కుంగుతాయి. వాటికి పాత నూలు చీర చాలు. గుడ్డ వేడిని పాలిథిన్‌లా వదిలేయదు, చెమటా పట్టనివ్వదు. పొద్దుగూకాక నాలుగు కర్రల మీద కప్పి, పొద్దున ఎండ తగలకముందే తీసేయాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు కాబట్టే కాబోలు ఎవరూ ప్రచారం చేయరు.

నీళ్ల దగ్గరికి వద్దాం. 'చలికాలంలో నీళ్లు తగ్గించండి' అన్నదాంట్లో అరవాసి నిజముంది, అందుకే అది ఎక్కువ ప్రమాదకరం. పెద్ద డ్రమ్ములో ఉన్న జామ చెట్టుకు, నీడలో ఉన్న స్నేక్ ప్లాంటుకు, ఆకు రాల్చి కూర్చున్న అడీనియంకు నీళ్లు తగ్గించాలి. అడీనియం కుండీ కింద పళ్లెంలో నీరు నిలిస్తే చలి రాత్రుల్లో దుంప కుళ్లిపోతుంది కూడా. కానీ పిట్టగోడ మీద పన్నెండంగుళాల సంచిలో పాలకూర ఉందనుకోండి. వానలు వెళ్లిపోయాయి. తూర్పు, ఈశాన్యం నుంచి వచ్చే గాలిలో తేమ లేదు, మధ్యాహ్నానికి మన పెదవులు పగులుతుంటాయి. మబ్బు లేని ఎండ రోజంతా కాస్తుంది. ఆ సంచీ సాయంత్రానికి ఎండిపోకుండా ఎలా ఉంటుంది? పల్చటి ఆకు అంచు ముందు పెళుసవుతుంది, తర్వాత లోపలికి ముడుచుకుంటుంది. దాన్ని చూసి 'చలికి ముడుచుకుంది' అంటాం, ఇంకొంచెం నీళ్లు తగ్గిస్తాం. దాహంతో ఉన్నవాడికి పథ్యం పెట్టడం ఇదే.

మట్టి కూడా మోసం చేస్తుంది. కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపిన మట్టి పైన పొడిపొడిగా ఉండి అడుగున తడిగా ఉంటుంది. మన ఎర్రచెల్క మట్టి గట్టిపడి పైన పోసిన నీళ్లను పక్కల్నుంచి జార్చేసి లోపల ఎండిపోయి ఉంటుంది. రెండింటికీ ఒకే కొలత పెట్టేవాళ్లకు రెండూ దక్కవు. వేలు రెండు కణుపుల లోతు దింపి చూడాలి, లేదా సంచీని ఒక పక్క ఎత్తి బరువు చూడాలి. వారానికి ఇన్నిసార్లు అని చెప్పే ఏ సలహానైనా చెత్తబుట్టలో వేయొచ్చు.

ఇంకో చిన్న సంగతి. తెల్లవారుజామున మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేయి పెడితే జివ్వుమంటాయి. అవి నేరుగా వేళ్లకు పోస్తే మొక్క కాసేపు కంగారు పడుతుంది. బోరు నీళ్లు అలా కావు. బండల లోతుల్లోంచి వచ్చే నీరు ఏడాదంతా దాదాపు ఒకే వెచ్చదనంతో ఉంటుంది. చలి పొద్దున బకెట్లో పడితే సన్నగా ఆవిరి కూడా లేస్తుంది. బోరున్నవాళ్లు ఆ నీళ్లే పోయాలి. ట్యాంకే గతి అయితే ఎనిమిది, తొమ్మిది గంటలకు ఎండెక్కాక పోసుకుంటే సరి. సాయంత్రం ఆకుల మీద జల్లడం మాత్రం మానేయాలి. రాత్రంతా తడి ఆరని ఆకు బూజు తెగులుకు పిలుపు.

చామంతి విషయంలో ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన అన్యాయం ఒకటి జరుగుతోంది. కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చిన చామంతి కుండీలు కొని, పూలయ్యాక పెంచి పెద్దచేస్తారు. మరుసటి ఏడు చలికాలం వస్తుంది, మొక్క దుబ్బు కడుతుంది, మొగ్గ మాత్రం రాదు. చలి ఎక్కువైందంటారు కొందరు, చాలలేదంటారు ఇంకొందరు. చామంతి మొగ్గ కట్టేది ఎక్కువగా రాత్రి పొడవును చూసి. డిసెంబరులో మనకు పగలు పదకొండు గంటలు, రాత్రి పదమూడు గంటలు. ఆ చీకటి ఎడతెగకుండా దొరికితే దానికి పూసే వేళ అయిందని తెలుస్తుంది. వీధి దీపాలు ఎల్‌ఈడీలు అయ్యాక మా గేటు ముందు రాత్రి రెండింటికి కూడా పేపరు చదువుకోవచ్చు. ఆ వెలుగులో ఉన్న చామంతికి రాత్రే పడటం లేదు. పూల సాగుదారులు పండగ ధర కోసం పూతను ఆపాలనుకుంటే తోటలో బల్బులు వేలాడదీస్తారు. మనం డబ్బు ఖర్చు లేకుండా అదే పని చేసి పూత రాలేదని వాపోతున్నాం. కుండీని వీధి వైపు నుంచి వెనక్కి, దీపం పడని చోటికి జరపడమే మందు.

నాటు చిక్కుడు కూడా ఇలాగే. జూన్‌లో పెట్టిన పాదు వానాకాలమంతా పందిరి పాకుతుంది కానీ పూయదు. రాత్రులు పొడవెక్కాకే గెలలు వేస్తుంది. సంక్రాంతి ముగ్గుల రోజుల్లో గంపలకొద్దీ కాస్తుంది. ఉపదేశం విని కార్తీకంలోనే పాదు పీకేసి స్థలం శుభ్రం చేసుకున్నవాళ్లను నేనెరుగుదును. పాడికి వచ్చిన ఆవును కసాయికి అమ్మినట్టే.

అవతలివాళ్ల దగ్గర ఉన్న గట్టి సాక్ష్యాలు నాకు తెలుసు. కరివేపాకు చిగురు వేయదు. మల్లె మోడులా ఉంటుంది. తులసి ఆకు రాల్చి వెన్నులు కడుతుంది. గోంగూర ఆకు చిన్నదై పూతకు వస్తుంది. టమాటా పూత రాలుతుంది. బెండ, దోస గింజలు మొలవవు. ఇన్ని కనబడుతుంటే విశ్రాంతి కాలం కాదని ఎలా అంటావని అడుగుతారు.

కరివేపాకు వేడి దేశపు మొక్క, చలికి మందగిస్తుంది, నిజమే. మందగించడం చావు కాదు. దాన్ని కదపకుండా, కత్తిరించకుండా వదిలేస్తే ఫిబ్రవరిలో తనే చిగురిస్తుంది. ఆకు రావడం లేదని యూరియా పోసేవాళ్ల చేతిలోనే అది పోతుంది. మల్లెకు ఆ విశ్రాంతి కావాల్సిందే. చలికాలంలో నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆ తర్వాత నీళ్లు, ఎరువు ఇస్తేనే ఎండాకాలం మొగ్గలు విరగకాస్తాయి. మామిడికి కూడా అంతే. చల్లటి రాత్రులు తగినన్ని పడకపోతే పూత సరిగ్గా రాదు. అక్కడ చలి మేలు చేస్తోంది, కీడు కాదు. గోంగూర ఆకు తగ్గేది చలికి కాదు, పొడవు రాత్రులు చూసి దానికి పూత వేళ వచ్చినందుకు. తులసికి వెన్నులు ఎప్పటికప్పుడు తుంచితే ఆకు నిలుస్తుంది. టమాటా సంగతి మాత్రం వాళ్లదే గెలుపు. రాత్రి పదమూడు డిగ్రీల లోపుకు పడితే పుప్పొడి పనిచేయక పూత రాలుతుంది, నగరంలో కాసిన టమాటా అదే వారం ఇక్కడ కాయకపోవచ్చు. దానికి మందు అక్టోబరు లోపే కాయ పట్టేలా సెప్టెంబరుకు ముందే నారు నాటుకోవడం. బెండ, దోస గింజల్ని డిసెంబరు మట్టిలో పెట్టి మొలవలేదని బాధపడటం మాత్రం చలి తప్పు ఎలా అవుతుంది? అవి ఎండాకాలపు పంటలు. ఆ సంచీలో మెంతులు చల్లి ఉంటే వారంలో పచ్చబడేది.

ఈ జాబితా అంతా చూశాక కూడా ఒక మాట గట్టిగా చెప్పొచ్చు. చలికి మందగించే మొక్కలు అరడజను ఉంటే, చలికే పెరిగే మొక్కలు పాతికకు తక్కువ లేవు. పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, బఠానీ, ఉల్లి, చిక్కుడు, వంగ. పూలలో బంతి, చామంతి, పిటూనియా, డాలియా. దసరా తర్వాత కత్తిరించిన గులాబీ డిసెంబరు, జనవరిలో ఇచ్చేంత పెద్ద పువ్వు మళ్లీ ఏ నెలలోనూ ఇవ్వదు. వీటన్నిటికీ ఎరువు ఇప్పుడే కావాలి. ఎరువు ముట్టవద్దన్నది మల్లెకు చెల్లుతుంది, క్యాబేజీకి చెల్లదు. కాకపోతే చలికి కంపోస్టు డబ్బాలో పని నెమ్మదిస్తుంది కాబట్టి పచ్చి వంటింటి చెత్త కాకుండా బాగా మాగినదే వేయాలి. ఆ డబ్బాకు మూత ఉండాలన్నది మన ప్రాంతంలో తెగుళ్ల మాట ఒక్కటే కాదు. 1937 నాటి విమాన నియమాలు విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపల పక్షులను పిలిచే చెత్త పారవేయడాన్ని నిషేధించాయి. మన అరటి తొక్క కోసం వచ్చిన గద్ద విమానం ఇంజనులో పడటం ఎవరికీ మంచిది కాదు.

తెగుళ్లు ఉండవా అంటే ఉంటాయి. చల్లటి రాత్రి, వెచ్చటి పొడి పగలు కలిస్తే బీర ఆకు మీద బూడిద తెగులు తెల్లటి పొడి చల్లుతుంది. చిక్కుడు లేత కొసలకు పేనుబంక నల్లగా పడుతుంది. మొదటిదానికి పులిసిన మజ్జిగ నీళ్లు, రెండోదానికి నీటి ధార, వేపనూనె. అక్షింతల పురుగులు కనబడితే మందు కొట్టకుండా వాటికే వదిలేస్తే మేలు. ఎండ తగిలే చోట, గాలి ఆడే చోట ఈ రెండూ తక్కువ. మూలకు నెట్టేసి ఒకదానికొకటి ఆనించి పెట్టిన కుండీల్లోనే ఎక్కువ.

తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి వంటివారి పుణ్యమా అని మిద్దెతోట ఇవాళ ఇంటింటి ముచ్చట అయింది. అంత శ్రమతో మిద్దె మీదికి మట్టి మోసినవాళ్లు ఏడాదిలో దొరికే నాలుగు మంచి నెలల్నీ కవర్ల కింద పెట్టి వదులుకోవడం చూస్తే నాకు కోపమే వస్తుంది. వాళ్ల మీద కాదు. వేల మైళ్ల అవతలి వాతావరణాన్ని తెలుగు మాటల్లోకి తెచ్చి, ఊరు పేరు చెప్పకుండా అందరికీ పంచేవాళ్ల మీద. ఇంకో సంగతి కూడా ఉంది. విశ్రాంతి అనేది వినడానికి హాయిగా ఉండే సలహా. పొద్దున్నే లేచి మిద్దె ఎక్కే పని తప్పుతుంది, ఆ తప్పడానికి శాస్త్రం ముద్ర కూడా పడుతుంది. అందుకే అది ఇంత సులువుగా అంటుకుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పుడు వీళ్లంతా కవర్లు విప్పి, మట్టి తిరగేసి, ఉత్సాహంగా కొత్తిమీర, పాలకూర, ముల్లంగి విత్తనాలు కొంటారు. మార్చిలో శంషాబాద్ ఎండ 35 దాటుతుంది. ఆ వేడికి కొత్తిమీర జానెడు ఎత్తు రాకముందే పూతకు వస్తుంది, ముల్లంగి గడ్డ కట్టకుండా బెండు తేలుతుంది. వాటిని పీకి పారేస్తూ అప్పుడు ఎండను తిడతారు.